తలకిందుల సలహాలు: పాత మిలిటరీ జీపు కొనాలనుకునే ఆవనివాళ్లకు

బండిని చూడ్డానికి పోవద్దు. ఇదే నా మొదటి సలహా.

ఎక్కడో పాత మిలిటరీ జిప్సీ అమ్మకానికి ఉందని తెలుస్తుంది. ఫోనులోకి ఫోటో వస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి ముళబాగిలు బస్సెక్కి పోయి చూసొద్దామనిపిస్తుంది. ఎక్కొద్దు. ఆ వెడల్పాటి బోనెట్టు మీద ఒక్కసారి చెయ్యి వేశాక ఆలోచించే ఓపిక ఎవరికీ మిగలదు. కొనాలా వద్దా అన్నది తేలాల్సింది బండి మొహం చూడకముందే, మీ ఇంటి అరుగు మీదే.

ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్పే సలహాలు ఒకే రకంగా ఉంటాయి. ఇంజను చూడు. మైలేజీ అడుగు. గట్టిగా బేరమాడు. పనికొస్తుందో లేదో లెక్క వేసుకో. ఇంట్లో తర్వాత చెప్పు. నేను చెప్పబోయేవి వీటన్నిటికీ ఎదురు సలహాలు. తలకిందులుగా కనిపిస్తాయని తెలుసు, అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను. మన చుట్టుపక్కల మామిడి తోటల్లో, ఇళ్ల వెనక రేకుల షెడ్లలో, చక్రాలు ఊడదీసి రాళ్ల మీద నిలబెట్టిన జీపులు కనిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అవి చెడ్డ బండ్లు కావు. వాటిని కొన్నవాళ్లూ తెలివితక్కువవాళ్లు కారు. అందరూ చెప్పే సలహాలు విని కొన్నారు, అంతే.

మనిషి దొరికాకే బండి

బండికంటే ముందు దాన్ని బాగుచేసే మనిషిని సంపాదించండి. ఆ మనిషి దొరక్కపోతే కొనే ఆలోచనే మానుకోండి. ఇందులో రాజీ లేదు.

ఈ విషయంలో మనకున్న అదృష్టం చాలా జిల్లాలకు లేదు. బంగారు గనుల ఊరు కేజీఎఫ్ పక్కనే ఉంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ గనుల పని చేపట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఆ ఊళ్లో తరాల తరబడి ఇనుముతో పని చేసే చేతులు తయారయ్యాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు మనుషుల్ని దించి పైకి లాగిన యంత్రాలు, నీళ్లు తోడిన పంపులు, గాలి కొట్టిన కంప్రెసర్లు, అన్నీ అక్కడి వర్క్‌షాపుల్లోనే విప్పి బిగించినవి. గనులు ఇంకా నడుస్తుండగానే, 1964లో రక్షణ శాఖ కింద బీఈఎంఎల్ మొదలైంది. దాని కేజీఎఫ్ కార్ఖానాలో బుల్డోజర్లు, ఎక్స్‌కవేటర్లు చేస్తారు. అక్కడ రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు రాబర్ట్‌సన్‌పేటలో, అండర్సన్‌పేటలో, ఊరుగాములో, బంగారుపేటలో ఇవాళ్టికీ ఉన్నారు. పెద్ద పెద్ద బుల్డోజర్ల గేరుబాక్సులు విప్పినవాళ్లకు ఒక జీపు గేరుబాక్సు భయం పుట్టించదు.

మా వైపు ఒక పెద్దాయన్ని ఓ కుర్రాడు ఇలా అడగడం విన్నాను:

“అన్నా, ఈ బండికి స్పేర్లు దొరకవంట కదా?”

“దొరకనిది ఏముందప్పా. పాత ముక్క తెస్తే చూసి లేతు మీద తిప్పిస్తాను. ముక్క కూడా లేకపోతే కొలత తీసుకుంటాను. నువ్వు తొందరపడకుండా ఉంటావా, అది చెప్పు.”

ఆయన అడిగింది సరైన ప్రశ్న. పాత మిలిటరీ బండికి డబ్బుకంటే ఎక్కువగా కావాల్సింది ఆగగలిగే ఓపిక. ఒక బుష్షు కోసం రెండు వారాలు, ఒక ఆయిలు సీలు కోసం నెల. అంతకాలం బండి షెడ్డులో ఉంటే గోళ్లు కొరుక్కునేవాళ్లకు ఈ బండి వద్దు.

మనిషి దొరికాడనుకోండి. ఆయనతో మాట్లాడాల్సింది కూలి గురించి కాదు. “మీరు పని చేస్తుంటే నేను పక్కన కూచోవచ్చా?” అని అడగండి. ఒప్పుకుంటే సగం నిర్ణయం అయినట్టే. రెండోది, ఆయన వయసు చూడండి. డెబ్బై దాటిన మేస్త్రికి శిష్యుడు ఉన్నాడా? లేకపోతే ఆ శిష్యుడు మీరే కావాలి. రింగు స్పానర్లు పట్టుకోవడం, గ్రీజు కొట్టడం, బ్రేకు సర్దడం, కార్బరేటరు విప్పి కడగడం నేర్చుకోవాలి. చేతికి మసి అంటితే ఇబ్బందిపడేవాళ్లు కొనకూడదు. ఈ మాట కటువుగా అనిపించవచ్చు. షెడ్డులో తుప్పు పట్టే బండి పట్ల ఇంతకంటే మెత్తగా మాట్లాడలేను.

ఇంజను చూడొద్దు, కాయితం చూడండి

పాత బండి కొనేటప్పుడు అందరూ బోనెట్టు ఎత్తుతారు. మీరు ఎత్తకండి. ఆర్సీ చేతికిచ్చేదాకా బోనెట్టు మూసే ఉండనివ్వండి. ఇంజను పాడైతే బాగుచేసుకోవచ్చు. లేని కాయితాన్ని ఏ మేస్త్రీ లేతు మీద తిప్పి ఇవ్వలేడు.

సైన్యం బండ్లు మనలాగా ఆర్టీఓ దగ్గర రిజిస్టరు కావు. 1988 మోటారు వాహనాల చట్టం 60వ సెక్షను కింద వాటికి వేరే రిజిస్ట్రేషను ఉంటుంది. నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన రెండంకెలు. ఆ రెండంకెలు సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరం. పాత ప్లేటు గానీ దాని ఫోటో గానీ దొరికితే బండి వయసు అక్కడే తెలుస్తుంది, అమ్మేవాడి మాట మీద ఆధారపడక్కర్లేదు. సైన్యం వద్దనుకున్న బండి ప్రభుత్వ ఆస్తి కాకుండా పోయిన రోజు నుంచీ మామూలు చట్టం వర్తిస్తుంది. అంటే కొన్నవాడు దాన్ని ఆర్టీఓ దగ్గర కొత్తగా రిజిస్టరు చేయించుకోవాలి. చాలా బండ్లు ఇక్కడే ఆగిపోతాయి. ఎంఎస్‌టీసీ లాంటి ప్రభుత్వ సంస్థల ఈ-వేలంలో లాటుగా కొన్న మొదటి మనిషి తన పేరు మీద రిజిస్టరు చేయించకుండా రెండోవాడికి, రెండోవాడు మూడోవాడికి అమ్మేస్తాడు. మీ దాకా వచ్చేసరికి మిగిలేది ఒక తెల్లకాయితం మీద సంతకం.

కాబట్టి వేలంలో ఇచ్చిన అసలు పత్రం, డబ్బు కట్టిన రసీదు, బండి బయటికి వదిలిన ఉత్తర్వు, ఆ తర్వాతి రిజిస్ట్రేషను, ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండాలి. మధ్యలో ఒక్కటి తప్పినా వద్దు. చాసిస్ నంబరు కాయితంలో ఉన్నట్టే ఇనుము మీద కొట్టి ఉండాలి. ఆ చోట కొత్తగా వెల్డింగు చేసి రుద్దిన గుర్తు కనిపిస్తే ఇంకేమీ అడక్కుండా నమస్కారం చెప్పి వచ్చేయండి. హర్యానాలోని మండీ డబ్వాలీ పాత మిలిటరీ సామానుతో జీపులు కట్టడానికి దేశమంతా పేరుపడ్డ ఊరు. అక్కడి పనివాళ్ల నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక బండి చాసిస్, ఇంకో బండి ఇంజను, మూడో బండి కాయితం కలిపిన జీపు చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా దాన్ని కోలారు దాకా తీసుకురావద్దు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో స్పష్టంగా చెప్పింది: తయారుచేసినవాళ్లు ఇచ్చిన నమూనాకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు అని.

ఆంధ్రలో రిజిస్టరైన బండైతే, అంటే మనకు పక్కనే ఉన్న పలమనేరు, చిత్తూరు వైపు నుంచి వచ్చేదైతే, అక్కడి ఆర్టీఓ ఇచ్చే 28వ ఫారం ఎన్‌ఓసీ కావాలి. తర్వాత మన దగ్గర పన్ను. కేఏ-07 నంబరిచ్చే కోలారు ఆఫీసో, కేఏ-08 నంబరిచ్చే కేజీఎఫ్ ఆఫీసో, మీకు ఏది వర్తిస్తుందో అక్కడికి బండి కొనకముందే పోయి, కాయితాల నకళ్లు చూపించి, ఏమేం కావాలో రాయించుకుని రండి. కౌంటరు దగ్గర నోటిమాటగా “అయితాది పోండి” అంటే సరిపోదు.

కాయితం చూడకుండా, బండి చూడకుండా డబ్బిచ్చేస్తే ఏమవుతుందో మన దేశమే ఒకసారి చవిచూసింది. 1948. కొత్తగా స్వతంత్రం వచ్చింది, కాశ్మీరులో యుద్ధం నడుస్తోంది, సైన్యానికి జీపులు అత్యవసరం. లండనులో మన హైకమిషనరుగా ఉన్న వి.కె. కృష్ణమీనన్ బాగుచేసిన పాత మిలిటరీ జీపుల కోసం ఒక విదేశీ కంపెనీతో 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. మామూలుగా పాటించాల్సిన పద్ధతులు పక్కనపెట్టారు. బండ్లు చేరకముందే డబ్బులో పెద్ద భాగం చెల్లించారు. చివరికి వచ్చినవి 155 జీపులు, అవీ వాడకానికి పనికిరానివి. స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద కుంభకోణంగా దాన్నే చెప్తారు. దాని మీద విచారణ జరిపిన సంఘానికి నాయకత్వం వహించింది తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు, తర్వాత లోక్‌సభ స్పీకరైన ఆయనే. 1955లో ప్రభుత్వం ఆ కేసు ముగిసిందని ప్రకటించింది. మీనన్ ఉద్దేశం గురించి ఎవరి అభిప్రాయం వాళ్లది. నాకు ఆ కథలో ముఖ్యంగా కనిపించేది ఒకటే: ఆ జీపుల అడుగున పడుకుని చూసిన మనిషి, డబ్బు చేతులు మారకముందు, ఒక్కడూ లేడు.

నడవని బండి మేలు

రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి స్టార్టయి, గుమ్మం ముందు గుర్రుమంటోంది. ఇంకోటి రెండేళ్లుగా కదల్లేదు. కాయితాలు రెండింటికీ సరిగా ఉన్నాయి. కదలనిదాన్ని కొనండి.

అందరూ దీనికి తల అడ్డంగా ఊపుతారు. వినండి. నడిచే పాత బండిని అమ్మకం కోసం నడిపిస్తారు. చిక్కటి ఆయిలు పోసి ఇంజను చప్పుడు తగ్గిస్తారు. అడుగుభాగం కడిగి నల్లరంగు కొడితే తుప్పు కనబడదు. మీరు రాకముందే ఒక గంట ఇంజను వేడి చేసి ఉంచుతారు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కావడానికి అది పడే అవస్థ మీకు తెలియకుండా. పైగా నడిచే బండిని కొన్నవాడు ఆ రోజే నడుపుతాడు. బ్రేకు సిలిండరు రబ్బర్లు ఎండిపోయి ఉంటాయి, స్టీరింగు జాయింట్లు అరిగి ఉంటాయి, అయినా హైవే ఎక్కేస్తాడు. కదలని బండి మీద ఇవేవీ సాధ్యం కావు. దాన్ని లారీ మీద ఎక్కించుకుని తెస్తారు, మొత్తం విప్పుతారు, లోపల ఏముందో ప్రతి ముక్కా కళ్లతో చూస్తారు. మొదటిసారి రోడ్డెక్కేసరికి ఆ బండి మీకు పూర్తిగా తెలుసు. ధర కూడా తక్కువ. ఆ మిగిలిన డబ్బు, దాంతోపాటు ఇంకొంత, బాగుచేయడానికి ఎలాగూ కావాలి.

కదలని బండిలో చూడాల్సింది ఇంజను కాదు, చాసిస్. మేస్త్రిని వెంటబెట్టుకుని, చిన్న సుత్తి తీసుకుని పోండి. కమాను పట్టీలు చాసిస్‌కు తగిలించే బ్రాకెట్ల దగ్గర, వెనక అడ్డపట్టీ దగ్గర మెల్లగా కొట్టండి. గట్టి ఇనుము మోగుతుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. గేరుబాక్సు ఆయిలు ఒక గిన్నెలోకి దించి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దూరినట్టే. వాగులూ వంకలూ దాటిన బండికి అది మామూలే, బేరింగులు మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి. ముందు చక్రాన్ని జాకీతో లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే కింగ్‌పిన్ను బేరింగులు పోయాయని. పాత జీపుల్లో వేగం పెరిగాక స్టీరింగు రెండు చేతుల్నీ వణికించేది ఎక్కువగా అందుకే.

ఏ బండి

మన వైపు దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మూడింటికీ స్ఫూర్తి ఒకటే: 1941 నుంచి 1945 దాకా అమెరికాలో విల్లీస్, ఫోర్డు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసిన యుద్ధకాలపు జీపు. అన్ని చక్రాలకూ శక్తి అందించే చిన్న బండి అనే ఊహ ప్రపంచానికి అలవాటైంది దానితోనే.

మొదటిది మహీంద్రా జీపు. 1947లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఎత్తు బోనెట్టు సీజే-3బీని మహీంద్రా దశాబ్దాలపాటు ఇక్కడే చేసింది. చిన్నది, 80 అంగుళాల వీల్‌బేసు. సన్న దారుల్లో తిరుగుతుంది. మన మేస్త్రీలకు కళ్లు మూసుకుని విప్పడం వచ్చు. విడిభాగాలు బెంగళూరు జేసీ రోడ్డులో, పాతవి కావాలంటే శివాజీనగరు గుజిరీలో దొరుకుతాయి. నేనైతే దీనికే మొగ్గు చూపుతాను.

రెండోది మారుతీ జిప్సీ. 1985లో వచ్చి 2019 దాకా మామూలు జనానికి అమ్మారు, తొంభైల నుంచి సైన్యం వేల సంఖ్యలో వాడింది. తేలిక బండి, ఒక టన్నుకు అటూ ఇటూ. మొదట్లో 970 సీసీ ఇంజను, 1996 నుంచి 1300 సీసీ. ఇసుకలోనూ బురదలోనూ బరువైన బండ్లు కూరుకుపోయే చోట ఇది తేలిపోతుంది. దీని శత్రువు తుప్పు. ఏ సరిహద్దులో, ఏ తేమలో పని చేసిందో తెలియదు కాబట్టి నేల మీది రబ్బరు చాప ఎత్తి చూడకుండా డబ్బివ్వొద్దు.

మూడోది జోంగా. 1969 నుంచి 1999 దాకా జబల్‌పూరులో నిస్సాన్ పెట్రోల్ నమూనా ఆధారంగా చేసిన బండి. ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను. క్రికెటరు ధోనీ 2019లో ఇలాంటి పాత నిస్సాన్ మిలిటరీ బండిని రాంచీకి తెచ్చుకున్నాక దీని పేరు కుర్రాళ్ల నోళ్లలో పడింది. దాని ముందు నిలబడితే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, దాచుకోను. కానీ లీటరుకు ఐదారు కిలోమీటర్లకు మించి ఆశించొద్దు. ఆవని నుంచి ముళబాగిలు 13 కిలోమీటర్లు. పోయి రావడానికి ఐదు లీటర్లు, ఇవాళ్టి ధరలో ఐదొందలు దాటుతుంది. మైలేజీ కోసం దానికి డీజిలు ఇంజను తగిలిస్తారు కొందరు. వద్దు. అనుమతి లేని ఆ మార్పు చట్టానికి విరుద్ధం. పైగా దాని పాత బండి హోదా కూడా పోతుంది. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత బండికి ‘వీఏ’ అక్షరాలతో వింటేజి నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు. ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ పోవచ్చు. 1970 తర్వాత కొద్ది ఏళ్లలో వచ్చిన జోంగాలకు ఆ వయసు వచ్చేసింది. అందుకే చెప్తున్నాను, జోంగా కొంటే దాన్ని జోంగాగానే ఉంచండి, లేకపోతే ఇంకెవరికైనా వదిలేయండి.

పనికి కొనొద్దు

“దీంతో ఏం పని చేస్తావు?” అని ఇంట్లో అడుగుతారు. చాలామంది అప్పటికప్పుడు ఒక పని కల్పిస్తారు. టమాటా కోలారు మార్కెట్టుకు వేస్తాను, పశువులకు మేత తెస్తాను, తోటకు నీళ్ల డ్రమ్ములు మోస్తాను. ఇలాంటి పనులున్నవాళ్లు మిలిటరీ బండి కొనకూడదు. టమాటా రాత్రి మండీకి చేరకపోతే ధర పోతుంది. తెల్లవారుజామున దారిలో ఫ్యాను బెల్టు తెగితే ఆ పంట డబ్బంతా పోతుంది. ఆ పనికి పికప్పు ఉంది. దాన్ని కొనుక్కుని, తోట బాగా పండి, ఏ పనీ చెప్పనక్కర్లేని డబ్బు చేతిలో ఉంటే అప్పుడు జీపు సంగతి చూడండి.

నిజంగా దీనికి పని లేదు. ఇష్టం ఉంది. “నాకు ఇష్టం, దీన్ని బాగుచేసి బతికించాలని ఉంది” అని ఇంట్లో సూటిగా చెప్పగలిగినవాడే కొనాలి. అమ్మకు, భార్యకు ముందే చెప్పండి, అడ్వాన్సు ఇచ్చాక కాదు. మాటలతో కాదు, వాళ్లను అలాంటి బండిలోనే ఒకసారి తీసుకుపోండి. తెలిసినవాళ్ల జిప్సీ అడిగి తీసుకోండి. వెనక ఎదురెదురు సీట్లలో అడ్డంగా కూచోబెట్టి ముళబాగిలుకు పోయి రండి. మధ్యాహ్నం పూట, గుడ్డ టాపు కింద, దుమ్ము లోపలికి కొడుతుండగా. దిగాక వాళ్లు సరేనంటే ఆ బండికి మీ ఇంట్లో చోటుంది. వద్దంటే వద్దు. షెడ్డూ, డబ్బూ, ఆదివారాలూ మీవొక్కరివే కావు.

పచ్చరంగు గురించి ఒక్క మాట. మిలిటరీ బండి అంటే ఆ ఆలివు పచ్చే కదా అని ముచ్చటపడతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆ రంగును రక్షణ శాఖ బండ్లకే పరిమితం చేసింది. బాణం గుర్తూ అంతే. రెండూ తుడిచేసి, బూడిద రంగో ఇసుక రంగో వేసి, ఆర్సీలో రాయించుకోండి.

ఎక్కడ పరీక్షించాలి

ఆవని కొండ మీద కాదు. పెద్ద బండలు, ఏటవాలు, పైన సీతమ్మ గుడి. కుర్రాళ్లకు అక్కడ ఫోర్‌వీలు లివరు లాగాలనిపిస్తుంది. నొలంబుల కాలం నుంచి నిలిచిన రామలింగేశ్వర, లక్ష్మణలింగేశ్వర, భరతలింగేశ్వర, శత్రుఘ్నలింగేశ్వర ఆలయాలు దాని కిందే ఉన్నాయి, అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. వాల్మీకి ఆశ్రమం ఇక్కడే ఉండేదని, లవకుశులు ఇక్కడే పుట్టారని మన పెద్దలు చెప్పుకునే కొండ. కాలినడకన ఎక్కాల్సిన చోటు, టైర్ల కింద నలగాల్సింది కాదు. కేజీఎఫ్ సైనైడు దిబ్బల మీద కూడా వద్దు. సినిమాల్లో అందంగా కనబడుతుంది, నిజమే. గని నుంచి బంగారం తీసేశాక మిగిలిన రసాయనాల పొడి అది. గుడ్డ టాపు బండిలో కూచుని దాన్ని లేపి పీల్చుకోవడం ఒంటికి మంచిది కాదు, చుట్టూ ఉన్న వీధులవాళ్లకు అంతకంటే మంచిది కాదు.

ఫోర్‌వీలు పని చేస్తుందో లేదో తెలుసుకోవడానికి దున్నిన చేను చాలు. తారురోడ్డు మీద ఫోర్‌వీలు వేసి మలుపు తిప్పొద్దు. ఈ బండ్లలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య తేడా సర్దే గేరు ఉండదు, గట్టి నేల మీద చక్రాలు జారలేక లోపలి పళ్లు బిగుసుకుపోతాయి. మెత్తటి మట్టిలో లో-గేరు వేసి, క్లచ్చు వదిలి, కాలు తీసేసి నడవనివ్వండి. నడకవేగంతో తనంతట తాను పోవాలి.

అసలు పరీక్ష 75వ నంబరు జాతీయ రహదారి. ముళబాగిలు దగ్గర లారీలు ఎనభై, తొంభై వేగంతో పోతుంటాయి. ఆ వరసలో యాభై, అరవై మీద నడుస్తూ, వెనక నుంచి హారను మోగుతుంటే, ఎడమవైపు ఉండి, ప్రశాంతంగా నడపగలరా? చాలావరకు డ్రమ్ము బ్రేకులు. ఎయిర్‌బ్యాగులు లేవు. ముందు బండి అకస్మాత్తుగా ఆగితే మీ బండి ఆగడానికి ఎంత దూరం కావాలో మీ కాలికి తెలియాలి. చిన్నపిల్లల్ని ఎక్కించుకుని ఈ రోడ్డు మీద పోవాలన్న ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి.

బేరం

చివరి ఐదు వేల కోసం బేరమాడొద్దు. మన శివరాత్రి జాతరలో ఎద్దుల జత కొనే రైతు ఎద్దు పళ్లూ సుడులూ చూస్తాడు, దాన్ని అమ్ముతున్న మనిషి మొహం కూడా చూస్తాడు. అయిష్టంగా అమ్మేవాడి ఎద్దుకు నాలుగు డబ్బులు ఎక్కువిస్తాడు. ఇక్కడా అంతే. బండి ఇవ్వడానికి మనసొప్పని యజమాని దొరికితే అడిగినంత ఇవ్వండి. ఆయన దగ్గర మూలన ఒక ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో పాత కార్బరేటరు, జెట్లు, రెండు వీల్ సిలిండర్లు, సర్వీసు పుస్తకం, ఏ ముక్క ఎక్కడ దొరికిందో రాసుకున్న డైరీ. బేరంలో నొప్పించారంటే ఆ పెట్టె మీకు రాదు. ఆయన ఫోను నంబరు కూడా మీకు కావాలి, రాత్రి ఎనిమిదికి కాల్ చేసి “అన్నా, ఇది ఎలా విప్పేది?” అని అడగడానికి.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. బండికి ఎంత పెడుతున్నారో కనీసం అంతే బాగుచేయడానికి విడిగా చేతిలో ఉండాలి, అప్పు చేసింది కాకుండా. పదిహేనేళ్లు దాటిన సొంత బండి ఆర్సీని ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు తరగతికి ఆ ఫీజు 5,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో దాన్ని 10,000కు పెంచారు. ఫిట్‌నెసు పరీక్ష, పన్ను, ఇన్సూరెన్సు దానికి అదనం.

ఇన్ని చెప్పినా మీరు కొన్నారంటే, నాకు నిజంగా సంతోషం. తెచ్చిన మొదటి వారం రంగు జోలికీ పెద్ద టైర్ల జోలికీ పోకండి. బ్రేకు సిలిండర్ల రబ్బర్లన్నీ మార్చి, కొత్త ఆయిలు పోసి, గాలి తీయించండి. పెట్రోలు పైపులన్నీ మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది, వేడి ఇంజను పక్కన పైపు కారితే నిప్పు అంటుకుంటుంది. ట్యాంకు దించి లోపలి తుప్పు కడిగించండి. బ్యాటరీ దగ్గర కట్-ఆఫ్ స్విచ్చి పెట్టించండి. సీటు కింద మంట ఆర్పే సిలిండరు ఒకటి, బిగించి. ఇవన్నీ అయ్యాక ఫిట్‌నెసు పరీక్షకు తీసుకుపోండి, మేస్త్రిని పక్కన కూచోబెట్టుకుని.